సాలిం అని రాయి, శ్రీనూ

చిరంజీవి శ్రీనుకు బాపు ఆశీర్వదించి రాయునది.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం నాకు అలవాటు. ఈసారి పెన్ను ఆగింది. నీ వైపు కుశలం తెలియనిదే ‘ఉభయ’ అని ఎట్లా రాయను? అందుకని ఇక్కడి సంగతులు మాత్రం రాస్తున్నాను. అమ్మ బాగానే ఉంది, మోకాలి నొప్పి ఉన్నదే. బర్రె ఈనింది, పెయ్యదూడ. వడ్లు కల్లంలోనే ఉన్నాయి, ఇంకా కాంటా కాలేదు. మబ్బు కనబడితే చాలు, టార్పాలిన్లు పట్టుకుని పరుగెత్తడమే సరిపోతోంది. చిట్టి పరీక్షలు రాసి ఇంటికొచ్చింది. ఈ కాగితాలకు ఫొటోలు తీసి నీకు పంపేది తనే.

నిన్ను ఏదో నిలదీయడానికి రాస్తున్నానని అనుకోకు. చిట్టికి ఇఫ్లూలో ఈసారి సెమిటిక్ భాషల పేపరు ఉందట, అరబీ, హీబ్రూ, అరమాయిక్ లాంటి ఒకే కుటుంబపు భాషలు. రాత్రి అన్నాల దగ్గర ‘సలాం’ అనే మాట గురించి మొదలుపెట్టింది. అరబీ వైపు నేను చెప్పాను, హీబ్రూ వైపు చెప్పడానికి ఇజ్రాయెల్‌లో ఉన్న నువ్వు దొరకకపోతివి. ఫోన్ ఎత్తితే ఫోన్లోనే చెప్పుకునేవాళ్ళం. రింగ్ పూర్తిగా మోగి ఆగిపోతోంది. వాట్సాప్‌లో నీలం టిక్కులు మాత్రం పడుతున్నాయి. చూస్తున్నావన్న మాట. ఇది కూడా చూస్తావు కదా, నిదానంగా చదువుకో.

అరబీలో మాటలు చాలావరకు మూడు హల్లుల ధాతువు మీద నిలబడతాయి. స, ల, మ. ఈ మూడింటిలోంచే సలాం, సలీం, సాలిం, సలామత్, తస్లీం, ఇస్లాం, ముస్లిం అన్నీ వచ్చాయి. సలాం అంటే శాంతి అని అందరూ చెబుతారు. తప్పేం కాదు, కానీ ఆ ధాతువు లోపల ఇంకా పాతది ఒకటుంది. ముక్క పోకుండా ఉండటం, ఏదీ తక్కువ పడకుండా నిండుగా ఉండటం. అరబీ వ్యాకరణంలో బహువచనాలు రెండు రకాలు. ముఅల్లిం అంటే పంతులు, ముఅల్లిమూన్ అంటే పంతుళ్ళు. మాట చెదరలేదు, చివర తోక చేరింది, అంతే. దాన్ని సాలిం బహువచనం అంటారు. కితాబ్ కాస్తా కుతుబ్ అయిందనుకో, లోపలి రూపమే మారిపోయింది, అది విరిగిన బహువచనం. సాలింకు ఎదురుగా వాళ్ళు పెట్టుకున్నది యుద్ధాన్ని కాదు, విరగడాన్ని. ఇది నాకు పుస్తకాల వల్ల తెలియలేదు, ఉస్తాద్ చెప్పగా తెలిసింది.

ఉస్తాద్ గురించి నీకు చిన్నప్పుడు చెప్పాను, కొంచెం గుర్తుండాలి. కువైట్‌లో షువైఖ్ వైపు ప్రెస్సులో నేను బైండింగ్ సెక్షన్‌లో ఉన్నప్పుడు ఆయన ప్రూఫులు దిద్దేవాడు. మోసుల్ పక్కన అల్‌ఖోష్ ఊరు, క్రైస్తవులు. ఆయన ఇంట్లో మాట్లాడేది అరబీ కాదు, సురెత్. ఏసుక్రీస్తు కాలంలో మాట్లాడిన అరమాయిక్ ఉంది చూడు, దాని సంతతి. పొద్దున రాగానే మాకందరికీ ‘సలాం’ అనేవాడు, వాళ్ళ ఊరి వంటాయన కనబడితే ‘ష్లామా’ అనేవాడు.

పుస్తకం అచ్చయ్యాక 16 పేజీలకు ఒక ఫారం చొప్పున మడత పెడతాం కదా, దాన్ని అరబ్బులు మల్జమ అంటారు. ప్రతి మల్జమ వీపు మీద ఒక చిన్న నల్ల గీత పడుతుంది. మొదటిదానికి పైన, రెండోదానికి కాస్త కింద, మూడోదానికి ఇంకాస్త కింద. అన్నీ వరసగా పేర్చి పక్కనుంచి చూస్తే ఆ గీతలు మెట్లు దిగినట్టు కనబడాలి. ఒక మల్జమ పడకపోతే అక్కడ మెట్టు ఖాళీ. రెండుసార్లు పడితే ఒకే చోట రెండు గీతలు. జిగురు పెట్టేముందు ఆ మెట్లు చూడటమే నా పని. మెట్టు తప్పిన పుస్తకాన్ని ‘నాఖిస్’ అని పక్కన పెట్టేవాళ్ళం, సరిగ్గా ఉన్నదాన్ని ‘సాలిం’ అని అట్టకు పంపేవాళ్ళం. వందల పుస్తకాలు అట్లా చేతుల మీదుగా పోయాయి. అందుకే ఆ మాట వింటే నాకు ఇప్పటికీ ముందు శాంతి గుర్తుకు రాదు, అన్ని ఫారాలూ ఉన్న పుస్తకం గుర్తొస్తుంది.

అవి ఇరాన్, ఇరాక్ కొట్టుకుంటున్న రోజులు. 1980లో మొదలైన యుద్ధం 1988 దాకా నడిచింది. ఉస్తాద్ తమ్ముణ్ణి బస్రా వైపు పంపారు. మొదట్లో ఉత్తరాలు వచ్చేవి, తర్వాత ఆగాయి. ఉస్తాద్ నోరు తెరిచి ఏమీ అనలేదు. కానీ ప్రూఫు పని అయిపోయాక మా సెక్షన్‌లోకి వచ్చి, నేను ఒకసారి చూసి పెట్టిన కట్టలనే తీసి మళ్ళీ మెట్లు చూసేవాడు. మాకు కోపంగా ఉండేది, మా పని మీద నమ్మకం లేదా అని. మేస్త్రీ ఒకసారి అడిగేశాడు కూడా. ఉస్తాద్ జవాబు చెప్పకుండా చేతిలో కట్టను తిప్పి తిప్పి చూస్తూ నిలబడ్డాడు. అప్పుడర్థమైంది, ఆయన వెతుకుతున్నది మల్జమను కాదని. ఆ తర్వాత మేమే ఆయన వచ్చేసరికి కట్టలు బల్ల మీద పెట్టి ఉంచేవాళ్ళం.

చలికాలం పోయి ఎండలు మొదలయ్యాక ఒకరోజు పోస్టుబాక్సు తాళం తీసిన డ్రైవరు ఒక కవరు తెచ్చాడు. లోపల చిన్న కాగితం, మీదొక్క లైను. ‘అనా సాలిం, యా అఖీ.’ నేను క్షేమం, అన్నా. అంతే. ఎక్కడున్నాడో లేదు, ఇన్నాళ్ళూ ఎందుకు రాయలేదో లేదు. ఉస్తాద్ దాన్ని బల్ల మీది అద్దం కింద పెట్టుకున్నాడు. ఆ సాయంత్రం కట్టలు చూడటానికి రాలేదు. కొన్నాళ్ళకు తెలిసింది, తమ్ముడి ఎడమచేతి వేళ్ళు రెండు పోయాయని. నేను చిన్నవాణ్ణి, ఉండబట్టలేక అడిగాను, మరి సాలిం అని ఎట్లా రాశాడు అని. ‘వాడు సాలిం అని రాశాడు, వాడి మాటే నాకు లెక్క’ అన్నాడు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, పెద్ద ఉత్తరం రాయడానికి నీకు టైం లేదేమో అని. ఒక్క లైను చాలు.

హీబ్రూ సంగతికి వస్తాను. చాలా మాటల్లో అరబీ ‘స’ ఉన్నచోట మీ దగ్గర ‘ష’ పలుకుతుంది, అరబీ దీర్ఘం ‘ఆ’ ఉన్నచోట ‘ఓ’ వస్తుంది. సలాం, షలోం. లిసాన్ అంటే నాలుక, మీకు లషోన్. తల అరబీలో రఅస్, మీకు రోష్. ఏడాది వాళ్ళకు సన, మీకు షనా. నువ్వు రోష్ హషనాకు సెలవు అని మొదటిసారి చెప్పినప్పుడు నాకు ఎవరూ అర్థం చెప్పలేదు, అదే అర్థమైంది, ఏడాదికి తల. అరమాయిక్‌లో మాత్రం ‘ష’ ఉంది కానీ ‘ఓ’ రాలేదు, అందుకే ష్లామా. ఇథియోపియా నుంచి వచ్చి అక్కడ స్థిరపడ్డ యూదులు అమ్హారిక్‌లో సెలాం అనడం నువ్వు బస్సుల్లో వినే ఉంటావు. మాల్టా దీవిలో స్లియెం అంటారట, అది కూడా అరబీ సంతానమే. ఇండోనేషియా వాళ్ళ సెలమత్ మాత్రం చుట్టరికం కాదు, ఓడల్లో వెళ్ళిన మాట. మన ఊళ్ళో పటేలుకు కొట్టే సలాం కూడా అట్లా దూరం నుంచి వచ్చి నడుం వంచుకోవడం నేర్చుకుంది. పాపం, దానికి ఆ రాత లేదు.

ఒక చోట మాత్రం జాగ్రత్త. చిట్టి కూడా అక్కడే పొరపడింది. మీరు బాగోగులు అడిగేటప్పుడు ‘మా ష్లోమ్‌ఖా’ అంటారు, నీ షలోం ఎట్లా ఉంది అని. కువైట్‌లో, ఇరాక్‌లో ‘ష్లోనక్’ అంటారు. వినడానికి అక్కాచెల్లెళ్ళలా ఉంటాయి, కానీ సంబంధం లేదు. ష్లోనక్‌లో ఉన్నది లోన్, అంటే రంగు. నీ రంగు ఎట్లా ఉంది అని అడగడం. నువ్వు చూసుకునే తాత, అదే మీ సబా, నాతో వీడియోలో మాట్లాడినప్పుడు ఆ బాగ్దాద్ అరబీలో ‘ష్లోనక్’ అనగానే నాకు ప్రాణం లేచొచ్చింది. అంత పెద్దాయన, చిన్నప్పుడు వదిలొచ్చిన ఊరి మాట మర్చిపోలేదు. ఆ రోజు నీ రంగు మాత్రం నాకు నచ్చలేదు. కళ్ళ కింద నల్లగా ఉంది. రాత్రి ఆయన లేచినప్పుడల్లా నువ్వూ లేస్తావు, తెలుసు, పనే అది. పగలు ఆయన పడుకున్నప్పుడైనా ఫోన్ పక్కనపెట్టి నడుం వాల్చు. బ్రెడ్డు మీద బతకకు. బియ్యం దొరుకుతాయి, పప్పు దొరుకుతుంది, కుక్కరు నీ సూట్‌కేసులో పెట్టి పంపాం.

లచ్చన్న కొడుకు వాళ్ళమ్మతో ఏదో అన్నాడట. ఒకరు సబా పోయాడంటారు, ఒకరు నువ్వే ఆ ఇల్లు వదిలేశావంటారు. నేను నమ్మలేదు. నమ్మలేదు కాబట్టే నిన్ను అడగడం లేదు.

చిట్టి తెచ్చిన పుస్తకాల్లో పాత ఉత్తరాల గురించి చదివాను. సిరియాలో యూఫ్రటీస్ ఒడ్డున మారి అని ఒక నగరం ఉండేది, 1933లో తవ్వకాలు మొదలుపెట్టారు. క్రీ.పూ. 18వ శతాబ్దంలో జిమ్రీలిం అక్కడి రాజు. ఆయన ఊళ్ళో లేనప్పుడు రాణి షిబ్తు మట్టిపలకల మీద ఉత్తరాలు పంపేది, అక్కాడియన్ భాషలో, అదీ ఆ సెమిటిక్ కుటుంబానిదే. అందులో ముందు రాయించేది ‘ఎకల్లుం షలిం’ అని. ఇల్లు క్షేమం, అంటే రాజభవనం. చూశావా, అదే షలిం. బాబిలోనియా వాళ్ళ మామూలు ఇంటి ఉత్తరాల్లో కూడా ‘నీ షుల్ముం రాసి పంపు’ అని ఉండేదట. మనం ‘మీ క్షేమ సమాచారాలు తెలుపగలరు’ అని రాసేవాళ్ళం, సరిగ్గా అట్లాగే. ఇప్పటికి దాదాపు నాలుగువేల ఏళ్ళు. అప్పటి ఇంటివాళ్ళకూ తెలుసుకోవలసింది ఇదే.

ఇంకొకటి చదివి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఈజిప్టులో హెర్మోపొలిస్ దగ్గర 1945లో ఒక కుండలో ఎనిమిది ఉత్తరాలు దొరికాయి. అరమాయిక్‌లో రాసినవి, క్రీ.పూ. 500 ప్రాంతానివి. లక్సోర్, అస్వాన్ వైపు ఇంటివాళ్ళకు చేరవలసినవి. దారిలోనే కుండలో ఉండిపోయాయి, ఎవరికీ అందలేదు. ‘మీ షలాం కోసం ఈ ఉత్తరం పంపాను’ అని వాటిలో మళ్ళీ మళ్ళీ వస్తుంది. ఒకదాంట్లో రాసినవాడు ఇంటివాళ్ళను నిష్ఠూరమాడాడు, నన్ను పాము కరిచింది, చావబోయాను, నేను బతికున్నానా చచ్చానా అని మీరు కనుక్కోనైనా లేదు అని. ఆ ఇంట్లోవాళ్ళు కూడా వీడు ఒక్క ఉత్తరమైనా రాయడేమని తిట్టుకుంటూ కూర్చున్నారేమో కదా. ఇటూ తప్పు లేదు, అటూ తప్పు లేదు, మధ్యలో కుండ ఉంది.

పాము అంటే గుర్తొచ్చింది. పాత అరబ్బులు పాము కరిచినవాణ్ణి ‘సలీం’ అనేవారు, బాగున్నవాడు అని. చెడు మాట నోటివెంట రాకూడదని. ఇబ్న్ మంజూర్ నిఘంటువులో ఉస్తాద్ నాకు చూపించాడు. మనమూ అంతే కదా. రాత్రిపూట పాము అనం, పురుగు అంటాం. దీపం ఆరిందనం, కొండెక్కింది అంటాం. నువ్వు శంషాబాద్‌లో ‘పోతున్నానే’ అంటే అమ్మ ఎట్లా కసిరిందో, ‘పోయొస్తా అను’ అని. కానీ శ్రీనూ, నాతో మాత్రం ఆ అరబ్బుల పద్ధతి వద్దు. పాము కరిస్తే పాము కరిచిందనే చెప్పు. అమ్మకు చెప్పాలా వద్దా నేను చూసుకుంటాను.

ఉస్తాద్ బైబిల్లోంచి దావీదు కథ ఒకటి చెప్పేవాడు. కొడుకు తండ్రి మీదే తిరగబడ్డాడు, రాజ్యం లాక్కోబోయాడు. వాడి పేరు అబ్షాలోం. అబ్ అంటే తండ్రి, పక్కనే షాలోం. యుద్ధం జరుగుతుంటే దావీదు ఊరి గుమ్మంలో కూర్చున్నాడు. దూరం నుంచి ఒకడు పరుగెత్తుకొచ్చి ‘షలోం’ అని అరిచాడు, గెలిచాం, అంతా బాగుంది అని. రాజు గెలుపు గురించి ఒక్క మాట అడగలేదు. ఆ పిల్లాడికి షలోమా, అని అడిగాడు. వాడు చేసిందంతా చేశాక కూడా ఆ తండ్రికి వాడు పిల్లాడే. మిగతా కథ నేను రాయను, అమ్మ కూడా ఇది చదువుతుంది. యోసేపు కథ మంచిది. తండ్రికి కబురు లేకుండా ఏళ్ళకేళ్ళు ఈజిప్టులో ఉండిపోయి, అన్నలు రెండోసారి వచ్చినప్పుడు మీ ముసలి తండ్రికి షలోమా అని అడిగాడు. అడిగాడు చూడు.

ఇక అప్పు సంగతి. అడగకూడదనే అనుకున్నాను, కానీ మాట అక్కడికే తీసుకొస్తోంది. మీ హీబ్రూలో డబ్బు కట్టడాన్ని లెషలేం అంటారు కదా, దుకాణంలో రోజూ వింటావు. అదీ ఈ ధాతువే. మోషే ధర్మశాస్త్రంలో ఉంది, పొడిచే ఎద్దని తెలిసీ కట్టేయకుండా వదిలేసి, అది ఇంకొకడి ఎద్దును చంపితే, ఎద్దుకు ఎద్దు ఇచ్చి తీరాలి అని. ‘షల్లేం యెషల్లేం’ అని ఉంటుంది. అంటే శిక్ష కాదు, అవతలివాడి దొడ్లో పడ్డ ఖాళీని నింపడం. అక్కాడియన్‌లోనూ బాకీ పూర్తిగా తీర్చడానికి ఇదే ధాతువు వాడారు. అరబీలో సల్లమ అంటే అప్పగించాడు. పంట చేతికి రాకముందే రైతుకు పూర్తి ధర కట్టే బేరాన్ని వాళ్ళ షరియత్‌లో ‘సలం’ అంటారు.

ఏజెంటు కోసం తెచ్చిన డబ్బు మీద వడ్డీ నడుస్తోంది, నిజమే. మెట్‌పల్లి ఆయన రెండుసార్లు వచ్చి వెళ్ళాడు, అదీ నిజమే. వడ్లు కాంటా అయితే ఈసారి వడ్డీ కట్టేస్తాను, ఆయనతో మాట్లాడాను. డబ్బు పంపడం ఆలస్యమైందని నువ్వు ఫోన్ ఎత్తడం లేదేమో అని అమ్మ అంటోంది. అదే అయితే అంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు. మనిషి సాలింగా ఉంటే బాకీ ఎప్పుడైనా తీరుతుంది. కొత్త అప్పు మాత్రం అక్కడ ఎవరి దగ్గరా చేయకు. తెలియని కాగితం మీద సంతకం పెట్టకు. వీసా ఎవరి పేరు మీద ఉందో ఆ ఇల్లు వదిలి ఎవడో పిలిచాడని రోజు కూలికి పోకు. పాస్‌పోర్టు నీ దగ్గరే ఉండాలి. ఒకవేళ ఇల్లు మారవలసి వస్తే ముందు కాగితాలు మార్పించుకో, తర్వాత నువ్వు మారు. చెప్పిందే చెబుతున్నానని విసుక్కోకు.

సబా నిజంగా పోయి ఉంటే, అది నువ్వొక్కడివే మోస్తున్నావేమో అన్నదే నా దిగులు. స్నానం చేయించిన చేతులు, అన్నం కలిపి పెట్టిన చేతులు నీవి. సొంత తాతకు చేసినట్టు చేశావు. అట్లాంటి మనిషి పోతే ఎవరికీ చెప్పుకోవాలనిపించదు, నాకు తెలుసు. మీ దగ్గర పోయినవాళ్ళ పేరు తలచినప్పుడు ‘అలావ్ హషలోం’ అంటారు. ముసల్మానులు ప్రవక్తల పేరు చెప్పి ‘అలైహిస్సలాం’ అంటారు. రెండూ ఒక్కటే మాట, ఆయన మీద సలాం అని. బాబిలోనియా వాళ్ళు పొద్దుగూకడాన్ని కూడా ‘షలాం షంషి’ అనేవారట, సూర్యుడు తన రోజు నిండుగా ముగించుకున్నాడని. సబా పోయి ఉంటే నా తరఫున కూడా ఆ మాట అను. బతికే ఉంటే, శ్రీను వాళ్ళ బాపు ష్లోనక్ అని అడిగాడని చెప్పు.

అమ్మ మీద కోపం తెచ్చుకోకు, రోజుకు అన్నిసార్లు చేస్తోందని. ఆమెకు ఈ భయం కొత్త కాదు. 1990 ఆగస్టులో కువైట్ మీద సద్దాం సైన్యం పడ్డప్పుడు మేం బస్సుల్లో బాగ్దాద్ మీదుగా అమ్మాన్ చేరి, అక్కడి నుంచి విమానం ఎక్కి బొంబాయిలో దిగేదాకా ఇంటికి కబురు లేదు. అప్పటికి మా పెళ్ళయి ఏడాది కూడా నిండలేదు. బొంబాయి నుంచి నేనిచ్చిన ‘క్షేమం’ అన్న టెలిగ్రాం అమ్మ ఇప్పటికీ బీరువాలో నా పెళ్ళి పంచె మడతల్లో దాచింది. నీ ఫోన్ మోగి ఆగిపోయినప్పుడల్లా ఆమె బీరువా తీస్తోంది. నేను చూడనట్టు ఉంటున్నాను.

చలి మొదలవుతుంది, అమ్మ అల్లించిన స్వెటర్ పెట్టెలో పెట్టి మర్చిపోకు, వేసుకో. గ్యాస్ మాత్రలు అయిపోతే అక్కడివి ఏవో కొనుక్కోకు, ఇక్కడి నుంచి పంపుతాం. ఫోన్ చేస్తే శుక్రవారం పొద్దుగూకక ముందే చెయ్యి, శబ్బత్ మొదలయ్యాక మీ దగ్గర బస్సులూ పెద్దగా ఉండవు, నువ్వు ఎక్కడైనా చిక్కుకుంటే నాకు టెన్షన్. లచ్చన్న అల్లుడు వచ్చే నెల టెల్ అవీవ్ వస్తున్నాడు. అతని చేతికి సకినాలు, మామిడికాయ తొక్కు, అల్లం పచ్చడి ఇచ్చి పంపుతున్నాం. సబాకు కారం లేకుండా అమ్మ విడిగా నువ్వుల ముద్దలు కట్టింది. అతను రామత్ గాన్‌కు వచ్చి ఇస్తానన్నాడు, అడ్రస్ అడుగుతున్నాడు. పాత అడ్రసే ఇవ్వమంటావా, మారిందా? అది రాసి పంపు.

మీ బాపు